ఆగిపోయిన వైర్‌లెస్ పాడ్‌కాస్ట్‌ని మళ్లీ పట్టాలెక్కించడం ఎలా?

"అన్నా, మీ ఎపిసోడ్ విని మా రూటర్‌ని ఫ్రిజ్ మీద నుంచి తీసి హాల్లో పెట్టాం, ఇప్పుడు బెడ్‌రూమ్‌లో కూడా సిగ్నల్ వస్తోంది. నెక్స్ట్ ఎపిసోడ్ ఎప్పుడు?" పోయినేడాది వాట్సాప్‌లో ఈ మెసేజ్ చూసి సిగ్గేసింది, ఎందుకంటే ఆ నెక్స్ట్ ఎపిసోడ్ 2022 నుంచీ నా లాప్‌టాప్‌లో సగం ఎడిట్ అయి పడుంది. వైఫై, బ్లూటూత్, టవర్లు, హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సరదాగా సొంత రేడియో సెట్‌తో మాట్లాడుకోవడం) గురించి తెలుగులో మాట్లాడుకుందామని లాక్‌డౌన్‌లో నేనూ ఒక ఫ్రెండూ మొదలుపెట్టిన పాడ్‌కాస్ట్ అది. 38 ఎపిసోడ్ల తర్వాత చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. ఇప్పుడు మళ్లీ నడుస్తోంది. మీదీ ఇలాగే మూలన పడుంటే నేను చేసినవి, చేసి నాలిక కరుచుకున్నవి ఇవీ.

ముందు ఎందుకు ఆగిందో కాగితం మీద రాయండి

"టైమ్ దొరకలేదు" అని రాస్తే కుదరదు. ఏ పనికి దొరకలేదు? మా విషయంలో మాట్లాడటం గంట, ఎడిటింగ్ ఆరు గంటలు, అదీ రాత్రి పదకొండు దాటాక. కొత్త మైక్ కొన్నా, కొత్త లోగో వేయించినా ఆ ఆరు గంటలు తగ్గవు కదా. అందుకే ఈసారి ఎపిసోడ్‌ని 20 నిమిషాలకు కుదించాం, వారం వారం అన్నది మానేసి రెండు వారాలకోసారి చేశాం. ఇద్దరం మాట్లాడుకునే చోట "ఆఁ, ఊఁ"లు తీసేసే పని కూడా వదిలేశాం, ఒక్కరు కూడా అడగలేదు.

పాత ఫీడ్ తాళాలు వెతకండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందరూ తప్పు చేసేదీ ఇక్కడే. లాగిన్ మర్చిపోయామని కొత్త పేరుతో కొత్త షో మొదలుపెడతారు. పాత షోకి సబ్‌స్క్రైబ్ చేసినవాళ్ల ఫోన్లన్నీ ఇంకా ఆ పాత ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌నే (యాప్‌లు కొత్త ఎపిసోడ్ల కోసం చూసే జాబితా) చూస్తుంటాయి, అందులో ఎపిసోడ్ పడితే చాలు వాళ్ల దగ్గరికి దానంతటదే వెళ్తుంది. దాన్ని వదులుకోవద్దు.

మా ఫీడ్‌కి కట్టిన ఈమెయిల్ నా పాత ఆఫీసుది. ఉద్యోగం మారగానే అది పోయింది, వెరిఫికేషన్ కోడ్ వెళ్లేదేమో దానికే! హోస్టింగ్ వాళ్లకి, అంటే మా ఆడియో ఫైళ్లు, ఫీడ్ దాచిపెట్టే కంపెనీకి, పాత పేమెంట్ రసీదులు పంపి, నాలుగుసార్లు బతిమాలితే తొమ్మిది రోజులకు అకౌంట్ చేతికొచ్చింది. మీరైతే ఇవాళే ఆ ఈమెయిల్ సొంతదానికి మార్చేయండి.

హోస్టింగ్ మారాలనుకుంటే పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (పాత చోటికి వచ్చిన యాప్‌ని కొత్త చోటికి శాశ్వతంగా పంపే ఏర్పాటు) పెట్టించండి, కొత్త ఫీడ్‌లో ఐట్యూన్స్ న్యూ ఫీడ్ యూఆర్‌ఎల్ ట్యాగ్ (కొత్త చిరునామా ఇదీ అని యాప్‌లకి చెప్పే లైను) ఉందో లేదో చూడండి, పాత అకౌంట్‌ని కనీసం ఒకట్రెండు నెలలు మూయకండి. ఒక్కో ఎపిసోడ్‌కి జీయూఐడీ అని ఒక గుర్తు ఉంటుంది, అది మారిందంటే యాప్‌లు పాతవన్నీ కొత్తవనుకుని మళ్లీ చూపిస్తాయి, పొద్దున్నే శ్రోత ఫోన్‌లో 38 నోటిఫికేషన్లు వచ్చి పడతాయి. ఇంకో సంగతి, గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడింది. అక్కడ విన్నవాళ్లు మీకు తెలియకుండానే జారిపోయి ఉంటారు. ఫీడ్‌ని యూట్యూబ్ మ్యూజిక్‌లో కూడా చేర్చండి.

పాత ఎపిసోడ్లు మీరే వినండి

మన గొంతు మనం వినడం ఎంత నరకమో తెలుసు, అయినా వినండి. వంటల పాడ్‌కాస్ట్ అయితే పులిహోర మూడేళ్లకైనా పులిహోరే. వైర్‌లెస్ అలా కాదు. "5జీ వచ్చేస్తోంది" అని మేం ఉత్సాహంగా చెప్పిన ఎపిసోడ్ అలాగే ఉంది, 5జీ ఏమో 2022 అక్టోబర్ 1న వచ్చేసింది కూడా. 6 గిగాహెర్ట్జ్ వైఫై, అంటే మామూలు 2.4, 5 కాకుండా మూడో బ్యాండ్‌లో నడిచే వైఫై, మన దేశంలో ఇప్పట్లో కష్టం అని తేల్చేశాం, 2025 మేలో టెలికాం శాఖ 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్స్ లేకుండా వాడుకునే ముసాయిదా నియమాలు విడుదల చేసింది.

ఇలాంటివి డిలీట్ చేయొద్దు. మొదట్లో 20 సెకన్ల ముక్క అతికించండి: "ఇది ఫలానా ఏడాది రికార్డు చేసింది, ఇందులో ఈ మాట ఇప్పుడు తప్పు" అని. ఎపిసోడ్ అదే ఉంచి ఆడియో ఫైల్ ఒక్కటి మారిస్తే చాలు. మాకు 38లో తొమ్మిదింటికి అవసరమైంది. మిగతావి, అంటే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడ దాటడానికి 2.4 కన్నా ఎందుకు ఎక్కువ తంటాలు పడుతుంది లాంటివి, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అక్కడే మాకు తర్వాత ఏం చేయాలో తెలిసొచ్చింది.

వార్తల వెనక పరుగెత్తకండి

కొత్త ఫోన్ లాంచ్ గురించి మీరు ఆదివారం రికార్డు చేసేలోపు యూట్యూబ్‌లో వంద వీడియోలు వచ్చేసుంటాయి. మన శ్రోత ఇంట్లో, పొలంలో, ఊళ్లో ఉన్న వైర్‌లెస్ పట్టుకోండి. తిరిగొచ్చాక మాకు ఎక్కువ మెసేజ్‌లు వచ్చింది బోరు మోటార్ల ఎపిసోడ్‌కి. స్టార్టర్ పక్కన సిమ్ వేసిన డబ్బా పెట్టి ఇంటి నుంచే ఫోన్ చేసి మోటార్ ఆన్ చేస్తారు కదా, ఆ పాత డబ్బాల్లో చాలావాటికి 2జీ ఉంటేనే పని, జియోకి అసలు 2జీ లేదు, కాబట్టి ఆ సిమ్ వేస్తే మోటార్ ఉలకదు పలకదు. మా మామయ్య ఆ సిమ్ మార్చి రెండ్రోజులు స్టార్టర్‌ని తిట్టుకున్నాడు, పాపం.

ఇంకా బోలెడున్నాయి. టవర్ రేడియేషన్ భయం ఉన్నవాళ్లకి టెలికాం శాఖ వాళ్ల తరంగ్ సంచార్ పోర్టల్‌లో తమ వీధి టవర్ల వివరాలు ఎలా చూసుకోవాలో చెప్పొచ్చు. హామ్ రేడియో సంస్థ ఎన్‌ఐఏఆర్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో) మన హైదరాబాద్ సోమాజిగూడలోనే ఉంది, 2004 డిసెంబర్ సునామీ అప్పుడు అండమాన్‌లో ఫోన్లు మూగబోతే అక్కడున్న హామ్‌లు కబుర్లు ఎలా చేరవేశారన్నది ఒక్కటే రెండు ఎపిసోడ్లకు సరిపోతుంది.

రికార్డింగ్: వైర్‌లెస్ గురించి మాట్లాడండి, మైక్ మాత్రం వైరుది వాడండి

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో రికార్డు చేయొద్దు. వాటి మైక్ ఆన్ అవగానే చాలావాటిలో కనెక్షన్ కాల్ మోడ్‌లోకి పోతుంది, గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. వైరు ఇయర్‌ఫోన్ కూడా దానికన్నా నయం.

ఫోన్‌ని మైక్ వైరు పక్కన పెట్టకండి. సిగ్నల్ తక్కువున్నచోట ఫోన్ 2జీలోకి దిగితే దాని ట్రాన్స్‌మీటర్ సెకనుకు సుమారు 217 సార్లు ఆన్, ఆఫ్ అవుతుంటుంది, అదే మన రికార్డింగ్‌లో "టకటక బర్ర్‌ర్" అని దూరుతుంది. ఇంటర్‌ఫెరెన్స్ మీద చేసిన ఎపిసోడ్‌లోనే మాకది దూరింది. తీసేద్దామనుకుని, చివరికి "విన్నారుగా, ఇదే" అని ఉంచేశాం.

ఫ్యాన్ ఆపి, బట్టల బీరువా తలుపులు తెరిచి దానికి ఎదురుగా కూర్చోండి. ఇద్దరూ వేర్వేరు ఊళ్లలో ఉంటే నెట్ కాల్‌లో మాట్లాడుకుంటూ ఎవరి గొంతు వాళ్లే తమ ఫోన్‌లో రికార్డు చేసుకోండి, మొదట్లో ఒకటీ రెండూ మూడూ అని కలిసి చప్పట్లు కొడితే తర్వాత రెండు ఫైళ్లూ జోడించడం తేలిక. సౌండ్ లెవెల్ మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర ఉంచండి, యాపిల్ సూచించేదీ అదే. ఫైల్‌ని 64 కేబీపీఎస్ (సెకనుకు వాడే డేటా) మోనోలో, అంటే ఒకే ఛానెల్‌లో, సేవ్ చేస్తే ఇరవై నిమిషాలు పది ఎంబీ లోపే, డేటా ప్యాక్ చూసుకుని వినేవాళ్లకి అది మేలు.

నాలుగు ఎపిసోడ్లు చేతిలో ఉన్నాకే "వస్తున్నాం" అనండి

ముందే పోస్టర్ వేసి టెన్షన్ పడొద్దు. తిరిగొచ్చిన మొదటి ఎపిసోడ్‌లో పావుగంట క్షమాపణలు కూడా వద్దు, "ఆగిపోయాం, మళ్లీ వచ్చాం" అని ఒక్క ముక్క చెప్పి విషయంలోకి వెళ్లిపోండి. ఎవరైనా ఫ్రీగా రూటర్ పంపి దాని గురించి చెప్పమంటే, ఫ్రీగా వచ్చిందని మైక్‌లోనే చెప్పేయండి, లేదంటే వెనక్కి పంపండి.

పబ్లిష్ నొక్కాక కనీసం రెండు యాప్‌లలో మీరే వెతికి చూసుకోండి. మేం నొక్కి, స్వీట్లు కూడా తిన్నాక తెలిసింది, ఎపిసోడ్ ఎక్కడా పైన కనిపించడం లేదని. 2022లో తెరిచిన ఆ పాత డ్రాఫ్ట్‌లోనే కొత్త ఆడియో పెట్టాను, తేదీ పాతదే ఉండిపోయి లిస్టులో పాత ఎపిసోడ్ల మధ్య ఎక్కడో కింద ఇరుక్కుంది. తేదీ మార్చిన సాయంత్రానికి పైకొచ్చింది. కాబట్టి పబ్లిష్ డేట్ ఒకసారి చూసుకోండి.