పాసోవర్ పండక్కి యూదుల ఇంటికి తినేవి తీసుకెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

☐ ఇంట్లో చేసినవి వద్దు. అరిసెలు ఎంత బాగా కుదిరినా సరే. కోషర్ (యూదుల ఆహార నియమాలు) నిష్ఠగా పాటించేవాళ్లకు వండిన గిన్నె కూడా లెక్కే.

☐ ప్యాకెట్ మీద ఉత్త కోషర్ గుర్తు చాలదు. 'కోషర్ ఫర్ పాసోవర్' అని ఉండాలి. అమెరికాలో చాలా వాటిమీద సున్నాలో 'యూ', పక్కనే 'పీ' ఉంటుంది. 'పీ' లేకపోతే అక్కడే పెట్టేయండి.

☐ గోధుమ, బార్లీ, ఓట్స్‌తో చేసిన కేకులు, బిస్కెట్లు పండగ రోజుల్లో గడప దాటనివ్వరు. యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో చాలామంది బియ్యం, పప్పులు కూడా ముట్టరు. అంటే శనగపిండి మైసూర్‌పాక్ కూడా అవుటే!

☐ వైన్ అయినా ఇదే గుర్తు చూడాలి.

☐ ఇంత టెన్షన్ ఎందుకనుకుంటే కోయని పండ్లు, యాపిల్సో నారింజలో, బుట్టలో పెట్టి ఇవ్వండి.