సిగ్నల్‌ను చూసి మొబైల్ నెట్‌వర్క్ ఎంచుకోవడం ఎలా?

ఏ సిమ్ మంచిదని పదిమందిని అడిగితే పది జవాబులు వస్తాయి, ఆ పదీ నిజమే కావచ్చు. ఎవరైనా తాము తిరిగే చోట్ల తమకు కలిగిన అనుభవాన్నే చెబుతారు కాబట్టి, పక్క వీధిలో ఉండేవారి మాట కూడా మన ఇంటికి వర్తించకపోవచ్చు. కొన్నేళ్ల క్రితం మేము ఇల్లు మారినప్పుడు, పాత ఇంట్లో ఏ లోటూ లేకుండా పనిచేసిన నా నంబరు కొత్త ఇంటి వెనక గదుల్లో మూగబోయింది. కంపెనీ అదే, ఫోన్ అదే, రెండిళ్ల మధ్య దూరం రెండు కిలోమీటర్లు కూడా లేదు. మోకాళ్ల నొప్పులతో బాధపడే మా అమ్మ, ఊళ్లో ఉన్న పిన్నితో మాట్లాడాలంటే రెండంతస్తుల మెట్లెక్కి డాబా మీదికి వెళ్లవలసి వచ్చేది. ఆమె అలా ఎక్కిదిగడం రెండు నెలలు చూశాక, నేను నెట్‌వర్క్‌ను ఎలా పరీక్షించి ఎంచుకున్నానో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మొదటి దశ: సిగ్నల్ కావలసిన చోట్లను రాసుకోండి

ఒక కాగితం తీసుకుని, ఫోన్ తప్పనిసరిగా మోగవలసిన చోట్లన్నీ రాయండి. "ఇల్లు" అని ఒక్క మాటలో వదిలేయకుండా పడకగది, వంటగది, రాత్రిపూట ఫోన్ పెట్టుకునే మంచం పక్క చోటు అని విడివిడిగా రాయాలి, ఎందుకంటే వసారాలో నిండుగా ఉన్న సిగ్నల్ రెండు గోడలు దాటేసరికి సగానికి సగం పడిపోతుంది. తర్వాత ఆఫీసులో మీరు కూర్చునే అంతస్తు, రోజూ వెళ్లే బస్సు దారి, పిల్లల కాలేజీ, పండుగలకు వెళ్లే సొంత ఊరు చేర్చండి.

రైతులైతే పొలంలో బోరు దగ్గరి మోటారు గదిని మరచిపోకూడదు. ఇంటి నుంచే మోటారు ఆన్ చేయడానికి వాడే మొబైల్ స్టార్టర్‌లోనూ ఒక సిమ్ ఉంటుంది. వాటిలో చాలావరకు 2జీ అనే పాత తరం నెట్‌వర్క్ మీద మాత్రమే నడిచే రకాలు కాబట్టి, ఇంట్లో బాగా పనిచేసే సిమ్ స్టార్టర్‌లో అసలు పనిచేయకపోవచ్చు.

రాసుకున్న చోట్లలో ఎక్కడ సిగ్నల్ పోతే నిజంగా నష్టమో వాటికి గుర్తు పెట్టండి. పెద్దవాళ్లున్న ఇంట్లో రాత్రిపూట ఫోన్ మోగడం ముఖ్యం, వారానికోసారి వెళ్లే సినిమా హాలులో మోగకపోయినా ఫరవాలేదు.

రెండో దశ: మీ ఫోన్ ఏ నెట్‌వర్క్‌ను అందుకోగలదో తెలుసుకోండి

జియోకు 2జీ, 3జీ సేవలు లేవు. 2016లో మొదలైనప్పటి నుంచీ అది 4జీ మీదే, ఆ తర్వాత 5జీ మీద కూడా నడుస్తోంది. అందువల్ల పాత కీప్యాడ్ ఫోనులోనైనా, 2జీ స్టార్టర్‌లోనైనా ఆ సిమ్ వేసి ప్రయోజనం లేదు. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, బీఎస్ఎన్ఎల్ 2జీని ఇంకా నడుపుతున్నాయి. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ పరిజ్ఞానంతో నిర్మించిన తన 4జీని 700, 2100 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో, అంటే సిగ్నల్ తరంగాలకు కేటాయించిన శ్రేణుల్లో, ఇస్తోంది కనుక, ఆ సిమ్ తీసుకునే ముందు మీ ఫోనుకు 700 బ్యాండ్, అంటే బ్యాండ్ 28, ఉందో లేదో ఫోన్ వివరాల పుస్తకంలోనో తయారీదారు వెబ్‌సైట్‌లోనో చూసుకోవాలి.

ఈ అంకెలకు మన ఇంటి గోడలతో సూటిగా సంబంధముంది. 700, 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం వెళ్తాయి, గోడలను కూడా కొంత మెరుగ్గా దాటుతాయి. 1800, 2100, 2300కు వెళ్లేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది, దానికి బదులుగా ఎక్కువ డేటాను మోయగలిగే వెసులుబాటు సాధారణంగా పెరుగుతుంది. 5జీకి ప్రధానంగా వాడే 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ వీధిలో అద్భుతమైన వేగమిచ్చి, రేకుల కప్పు కిందికో, మందపాటి గోడలున్న పాత మండువా ఇంటి మధ్య గదిలోకో వచ్చేసరికి చతికిలబడడానికి కారణమిదే. జియోకు 5జీ కోసం 700 బ్యాండ్ కూడా ఉంది. అయితే మీ ఇంటికి అందేది ఏ బ్యాండో దగ్గరలోని టవర్‌ను బట్టే ఉంటుంది.

మూడో దశ: మ్యాపులు చూడండి, కానీ అక్కడితో ఆగకండి

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల ప్రకారం, ప్రతి కంపెనీ తన 2జీ, 3జీ, 4జీ, 5జీ సేవలు ఎక్కడెక్కడ అందుతున్నాయో చూపే మ్యాపును తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ మ్యాపులో మీ కాగితం మీది ఒక్కో చోటును వెతికి, ఏ తరం సేవ ఉందో రాసుకోండి. ఊరంతా ఒకే రంగులో కనిపించిందని సంతోషపడవద్దు. ఈ మ్యాపులు ఆరుబయటి సిగ్నల్‌ను అంచనా వేసి గీసినవి, మీ పడకగది గోడ సంగతి వాటికి తెలియదు. నా అనుభవంలో మ్యాపు "లేదు" అని చెప్పినప్పుడు నమ్మవచ్చు, "ఉంది" అన్నప్పుడు మాత్రం వెళ్లి చూసుకోవాలి.

కేంద్ర టెలికాం శాఖ నడిపే తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ చుట్టుపక్కల ఉన్న టవర్లు కనిపిస్తాయి. ఇంటి ఎదురుగానే టవర్ ఉందని ధైర్యపడడం చాలామంది చేసే పొరపాటు. ఒకే స్తంభం మీద ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లు తమ యాంటెన్నాలు బిగించుకుంటారు, ఒక్కోసారి ఒక్కరే ఉంటారు. అందువల్ల స్తంభాన్ని చూసి అది ఎవరిదో చెప్పలేము. పైగా ఒక్కో యాంటెన్నా ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటుంది కాబట్టి, సరిగ్గా టవర్ కింద ఉన్న ఇంటికంటే అర కిలోమీటరు దూరంలోని ఇంటికి మెరుగైన సిగ్నల్ అందడం మామూలే.

ఏజెన్సీ ప్రాంతాల్లో ఉండేవారు, అక్కడ ఉద్యోగానికి వెళ్లేవారు ఇక్కడ ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి. 4జీ అందని 24,680 గ్రామాలకు బీఎస్ఎన్ఎల్ ద్వారా సేవలు చేర్చే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2022 జులైలో ఆమోదం తెలిపింది. అంతకు ముందే, 2021 నవంబరులో, ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లోని వెనకబడిన జిల్లాల కోసం మరో పథకం మంజూరైంది. ఇలాంటి ప్రభుత్వ నిధులతో కట్టిన టవర్లను ఆపరేటర్లు పరస్పరం పంచుకునే ఏర్పాటు 2025 జనవరిలో ప్రారంభమైంది. కాబట్టి కొండ మీది గూడెంలో మీ కంపెనీకి టవర్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ మీదుగా 4జీ అందే అవకాశముంది. దీనికి ఫోన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్‌లో ఉంచి, రోమింగ్‌ను ఆన్ చేసుకోవాలి.

నాలుగో దశ: స్థానికులను అడగండి

అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. ఏ నెట్‌వర్క్ బాగుంటుందని అడిగే బదులు, "మీ ఇంట్లో తలుపు మూసుకుని మాట్లాడితే మాట తెగుతుందా? కరెంటు పోతే సిగ్నల్ ఎంతసేపు ఉంటుంది?" అని అడగండి. ఊళ్లలో ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ నాకు అందరికంటే నమ్మకమైన సలహాదారులు, ఎందుకంటే వారు ఫోనులో వివరాలు నమోదు చేయడానికి ఇంటింటికీ తిరుగుతారు, ఏ వీధి చివర ఏ సిగ్నల్ పోతుందో వారికి బాగా తెలుసు. పట్టణాల్లో పార్సిళ్లు తెచ్చే అబ్బాయిలను అడగవచ్చు.

కరెంటు ప్రశ్నను తేలికగా తీసుకోవద్దు. కరెంటు పోయినప్పుడు టవర్ బ్యాటరీల మీద, కొన్నిచోట్ల డీజిల్ జనరేటర్ మీద నడుస్తుంది. అవి అయిపోతే ఊరు ఊరంతా సిగ్నల్ పోతుంది. తుపానులు వచ్చే కోస్తా ఊళ్లలో, ఏ టవర్ ఎక్కువసేపు నిలబడుతుందన్నది వేగం కంటే ఎంతో విలువైన సమాచారం.

ఐదో దశ: మీ చేతులతో కొలవండి

అన్నిటికంటే ముఖ్యమైన దశ ఇదే. ఫోన్ పైభాగంలో కనిపించే గీతలను నమ్మలేము, ఎన్ని గీతలు చూపాలో ఒక్కో తయారీదారు ఒక్కోలా నిర్ణయించుకుంటాడు. అసలు కొలత డీబీఎం అనే అంకె. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అబౌట్ ఫోన్‌లోని సిమ్ స్టేటస్ తెరిస్తే "సిగ్నల్ స్ట్రెంగ్త్" దగ్గర అది కనిపిస్తుంది. ఐఫోనులో *3001#12345#* కొట్టి కాల్ నొక్కితే పరీక్ష తెర వస్తుంది.

ఆ అంకె ముందు మైనస్ ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. 4జీలో మైనస్ 85 కంటే మెరుగ్గా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మైనస్ 100 వరకు రోజువారీ పనులు సాగిపోతాయి, మైనస్ 110 దాటితే మాటలు తెగడం మొదలవుతుంది, మైనస్ 120 దగ్గర సిగ్నల్ ఉన్నా లేనట్టే. ఈ కొలతలో 3 తగ్గితే అందే శక్తి సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతుకు పడిపోతుంది. మా పాత సిమ్ వసారాలో మైనస్ 92, వెనక గదిలో మైనస్ 117 చూపింది. అమ్మ డాబా ఎందుకు ఎక్కవలసి వచ్చేదో ఆ రెండు అంకెలు చూస్తే చాలు. 2జీ సిగ్నల్‌ను కొలిచే పద్ధతి వేరు కనుక, పోల్చేటప్పుడు 4జీని 4జీతోనే పోల్చాలి.

ఇతర కంపెనీలను కొలవడానికి బంధువులో, ఇరుగుపొరుగువారో ఇంటికి వచ్చినప్పుడు వారి ఫోనును ఐదు నిమిషాలు అడిగి తీసుకోండి. ఒకటి రెండు నెట్‌వర్క్‌లు మెరుగ్గా తేలాక, వాటిలో ఒకదాని కొత్త ప్రీపెయిడ్ సిమ్ తీసుకుని, తక్కువ ధర ప్లాన్ వేయించి, ఫోను రెండో స్లాటులో పెట్టి నెల రోజులు వాడండి. ఈ నెల రోజుల ఖర్చు దండగ అనిపిస్తుంది కానీ, మీ పాత నంబరును తొందరపడి మార్చి చిక్కుల్లో పడడం కంటే ఇది ఎంతో నయం.

ఆ నెలలో ఏమేమి చూడాలో కూడా చెబుతాను. వేరే ఫోను నుంచి మీ కొత్త నంబరుకు తలుపు మూసిన గదిలో ఉండగా పదిసార్లు కాల్ చేయించి, ఎన్నిసార్లు మోగిందో రాసుకోండి, ఎందుకంటే మనం చేసే కాల్ వెళ్తూనే, మనకు వచ్చే కాల్ అవతలివారికి "అందుబాటులో లేదు" అని వినిపించే సందర్భాలు తక్కువేమీ కాదు. రాత్రి ఎనిమిది నుంచి పది గంటల మధ్య యూపీఐ చెల్లింపు, వీడియో కాల్ చేసి చూడండి. సిగ్నల్ నిండుగా ఉండి కూడా ఆ వేళలో డేటా కదలకపోతే, ఆ టవర్ మీద వాడకం దాని శక్తికి మించి ఉందని అర్థం. తెల్లవారుజామున చేసిన స్పీడ్ టెస్ట్ ఈ సంగతి చెప్పదు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్, అంటే టవర్‌కు బదులు ఇంటి వైఫై మీదుగా కాల్ వెళ్లే సదుపాయం, ఆన్ చేసి కూడా పరీక్షించండి, ఒక్కోసారి నెట్‌వర్క్ మార్చకుండానే వెనక గది సమస్య దీనితో తీరిపోతుంది.

ఆరో దశ: ఒకటా, రెండా తేల్చుకోండి

గుర్తు పెట్టుకున్న చోట్లన్నిటా ఒకే నెట్‌వర్క్ నెగ్గితే వేరే ఆలోచన అక్కర్లేదు. నగరంలో ఒకటి, సొంత ఊళ్లో మరొకటి బాగుంటే రెండు సిములూ ఉంచుకోవడమే సరైనదని నా అభిప్రాయం. 2024 డిసెంబరులో ట్రాయ్ చేసిన సవరణ తర్వాత డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌ల వరకే ఉండే ప్యాకులు వచ్చాయి కనుక, రెండో సిమ్‌కు వాడని డేటా కొనవలసిన పని లేదు. ఇంట్లో ఇద్దరుంటే ఇద్దరికీ ఒకే కంపెనీ సిమ్ ఉండకుండా చూసుకోండి. నల్లమల గుండా శ్రీశైలం వెళ్లేటప్పుడో, మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడో, ఒకరి ఫోను మౌనంగా ఉన్నా రెండోవారిది పలికే అవకాశం మిగులుతుంది.

ఏడో దశ: నంబరు మార్చకుండా నెట్‌వర్క్ మారండి

పోర్ట్ అన్న మాటను ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ పదంకెల నంబరు రాసి 1900కు ఎస్ఎంఎస్ పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. మన సర్కిల్‌లో, అంటే టెలికాం సేవల కోసం విభజించిన మన ప్రాంతంలో, అది నాలుగు రోజులు చెల్లుతుంది. ఆ కోడ్, గుర్తింపు పత్రాలు తీసుకుని కొత్త కంపెనీ దుకాణానికి వెళ్లాలి. టెలికాం లెక్కల్లో తెలంగాణ, యానాం ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉన్నాయి. కనుక ఆదిలాబాద్‌లో తీసుకున్న నంబరును తిరుపతిలో మార్చుకున్నా అది ఒకే సర్కిల్ లోపలి మార్పే, మూడు పనిదినాల్లో పూర్తవుతుంది. బెంగళూరు నుంచో చెన్నై నుంచో వచ్చినవారికి సర్కిల్ మారుతుంది కాబట్టి ఐదు పనిదినాలు పడుతుంది.

ప్రస్తుత కంపెనీలో 90 రోజులు పూర్తికాకపోయినా, పోస్ట్‌పెయిడ్ బిల్లు బకాయి ఉన్నా, గత ఏడు రోజుల్లో పోయిన సిమ్‌కు బదులు కొత్త సిమ్ తీసుకుని ఉన్నా కోడ్ రాదు. మిగిలిన టాక్‌టైమ్, ప్లాన్ గడువు కొత్త కంపెనీకి రావు, అందుకే పాత ప్లాన్ ముగిసే వారంలో ఈ పని పెట్టుకోండి. ఆ కోడ్‌ను దుకాణంలో తప్ప, ఫోన్ చేసి అడిగిన ఎవరికీ చెప్పకండి. మార్పు జరిగే పూట కొన్ని గంటలు ఫోన్ పనిచేయదు కాబట్టి, బ్యాంకు పనులూ ఆసుపత్రి పనులూ ఉన్న రోజున దానికి ఒప్పుకోవద్దు.

కొత్త సిమ్ పనిచేయగానే మళ్లీ అదే కాగితం తీసుకుని, అవే గదుల్లో డీబీఎం అంకెలు రాసి, తేదీ వేసి దాచండి. కొన్ని నెలల తర్వాత సిగ్నల్ తగ్గిందనిపిస్తే కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి, "సిగ్నల్ బాగాలేదు" అని చెప్పే బదులు ఫలానా గదిలో అప్పుడు ఇంత, ఇప్పుడు ఇంత అని ఆ అంకెలు చదివి వినిపించండి, ఫిర్యాదు నంబరు అడిగి అదే కాగితం మీద రాసుకోండి.