డీవీడీ మెనూ మొరాయిస్తోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఇంట్లో తీసుకున్న వీడియోలను డీవీడీ చేసేటప్పుడు వీడియో దాదాపు ఎప్పుడూ బాగానే వస్తుంది, ఏడిపించేది మెనూ. కంప్యూటర్లో చక్కగా కనిపించిందే టీవీకి ఎక్కేసరికి బటన్లు కదలవు, పేర్ల చివర్లు తెగిపోతాయి, వీడియో అయిపోయాక తెర నల్లగా ఉండిపోతుంది. వీటిలో చాలావాటికి మూలం ఒక్కటే. మెనూ మన కంటికి ఒకే బొమ్మ, ప్లేయర్‌కి మాత్రం మూడు ముక్కలు: అడుగున బొమ్మ లేదా వీడియో, దాని మీద హైలైట్ (ఇప్పుడు ఏ బటన్ మీద ఉన్నామో తెలిపే రంగు) చూపించే పల్చటి పొర, వీటికి తోడు ఏ బటన్ నొక్కితే ఎక్కడికి వెళ్ళాలో చెప్పే ఆదేశాలు. తప్పు ఈ మూడింటిలో దేనిలో ఉందో ముందు తేల్చుకోండి, సగం పని అక్కడే అయిపోతుంది.

రిమోట్ ఎంత నొక్కినా ఏమీ కదలట్లేదు

ఇది నాకు బాగా గుర్తుండిపోయిన లోపం. పాత క్యాసెట్లన్నీ డీవీడీ చేసి అమ్మ చేతికి రిమోట్ ఇచ్చాను. అమ్మ కింది బాణం నొక్కింది, మళ్ళీ నొక్కింది, రిమోట్‌ని అరచేతిలో తట్టి టీవీకి దగ్గరగా జరిగి ఇంకోసారి నొక్కింది. నిజానికి హైలైట్ ప్రతి నొక్కుడుకీ కదులుతూనే ఉంది. నేను పెట్టింది లేత పసుపు రంగు, వెనక ఉన్నదేమో ఎండలో తీసిన ఇసుక ఫొటో. నా మానిటర్ మీద స్పష్టంగా తెలిసిన తేడా టీవీలో కలిసిపోయింది.

కాబట్టి ముందు చేయాల్సిన పరీక్ష: కింది బాణం రెండుసార్లు నొక్కి ఓకే కొట్టండి. మూడో బటన్‌కి చెందిన వీడియో మొదలైతే కదలిక బాగానే ఉంది, కనిపించడమే లేదు. అలాంటప్పుడు హైలైట్ రంగుని వెనక బొమ్మకి బాగా ఎడంగా ఉండేలా మార్చండి. ముదురు నేపథ్యం మీద తెలుపు లేదా నారింజ, లేత నేపథ్యం మీద ముదురు నీలం బాగా తేలుతాయి. పొరకి పారదర్శకత కూడా ఉంటుంది, అది మరీ ఎక్కువైతే ఏ రంగు పెట్టినా వెలిసిపోయినట్టే ఉంటుంది.

మూడో బటన్ వీడియో రాకపోతే తప్పు ఆదేశాల్లో ఉంది. డీవీడీలో ప్రతి బటన్‌కీ పైకి, కిందికి, ఎడమకి, కుడికి వెళ్తే ఏ బటన్ రావాలో విడివిడిగా రాసి ఉంటుంది. డీవీడీస్టైలర్ లాంటి సాఫ్ట్‌వేర్లు దీన్ని వాటంతట అవే లెక్కేస్తాయి. బటన్లు వరుసగా ఉంటే ఆ లెక్క సరిపోతుంది గానీ, ఏటవాలుగా పేర్చినా, ఒకదాని చట్రం ఇంకోదాని మీదకి ఎక్కినా తప్పుతుంది, అప్పుడు ఒక బటన్‌కి ఏ దారిలోనూ చేరుకోలేం. కంప్యూటర్లో ఇది బయటపడదు, ఎందుకంటే అక్కడ మనం మౌస్‌తో నేరుగా బటన్ మీదే నొక్కుతాం. చట్రాలు ఒకదాన్నొకటి తాకకుండా దూరం జరిపి, నాలుగు దిక్కులూ చేత్తో నింపి, కంప్యూటర్లో కూడా కీబోర్డు బాణాలతోనే పరీక్షించండి.

హైలైట్ అంచులు రంపం పళ్ళలా ఉన్నాయి

హైలైట్ పొరలో ఒకేసారి వాడుకోగలిగేవి 4 రంగులే, పారదర్శకంగా వదిలే చోటు కూడా అందులో ఒకటి. ఫొటోలో అక్షరం అంచు నునుపుగా కనిపించడానికి మధ్యలో బోలెడు ఛాయలు కావాలి, ఇక్కడ వాటికి చోటు లేదు. అందుకే అక్షరాలనే హైలైట్‌గా పెట్టి రంగు మార్చాలనుకుంటే ఎంత మంచి ఫాంట్ అయినా మొరటుగా వస్తుంది. నీడలు, మెరుపులు అయితే ఇంకా దారుణం.

దీనితో పోరాడకండి. పేర్లను అడుగు బొమ్మలోనే అందంగా రాసేసి, హైలైట్‌గా పేరు పక్కన ఒక చిన్న చతురస్రమో, కింద మందపాటి గీతో పెట్టండి. అడ్డగీతలకి, నిలువుగీతలకి పళ్ళు రావు. గుండ్రటివి, ఏటవాలువి మాత్రం వద్దు.

తెలుగు పేర్లు విడిపోతున్నాయి

ఒత్తులు పక్కకి జారిపోవడం, గుణింతాలు అక్షరం నుంచి ఊడిపోయినట్టు రావడం చూస్తుంటే నిజంగా బాధేస్తుంది, అంత ప్రేమగా రాసుకున్న పేర్లు కదా. ఫాంట్ మార్చి చూస్తూ పూటంతా పోగొట్టుకోకండి. అక్షరాలను కలిపి కూర్చే పని ఆ సాఫ్ట్‌వేర్‌కి సరిగ్గా రాకపోతే ఏ ఫాంట్ పెట్టినా అంతే. తెలుగు సరిగ్గా చూపించే ఫొటో ఎడిటర్లో మెనూ మొత్తం తయారుచేసి, బొమ్మగా సేవ్ చేసి, దాన్నే నేపథ్యంగా తెచ్చుకోండి. పేర్ల మీద ఖాళీ బటన్లు పెట్టి, హైలైట్‌కి పైన చెప్పిన గీత వాడండి. రెండు సమస్యలూ ఒకే దెబ్బకి తీరతాయి.

ముఖాలు సాగిపోయాయి, గుండ్రటివి కోడిగుడ్డులా ఉన్నాయి

డీవీడీ పిక్సెల్ చతురస్రం కాదు. టీవీ వీడియోకి రెండు పద్ధతులున్నాయి, పాల్, ఎన్‌టీఎస్‌సీ. పాల్ పద్ధతిలో ఫ్రేమ్ 720×576, ఎన్‌టీఎస్‌సీలో 720×480. వెడల్పు తెర వీడియో అయినా పాత తెర వీడియో అయినా డిస్క్‌లో ఇదే సైజు, టీవీలోకి వచ్చాకే సాగుతుంది. మీరు 720×576లోనే నేరుగా బొమ్మ గీస్తే టీవీ దాన్ని మళ్ళీ సాగదీస్తుంది. అందుకే పాల్‌కి వెడల్పు తెర మెనూ అయితే 1024×576లో, 4:3 అయితే 768×576లో గీయండి. ఎన్‌టీఎస్‌సీకి అయితే 854×480, 640×480. అంతా అయ్యాక చివర్లో ఒక్కసారే డీవీడీ సైజుకి కుదించాలి. చాలా సాఫ్ట్‌వేర్లు ఈ కుదింపు అవే చేసేస్తాయి, అలాంటప్పుడు మీరు ముందే కుదించి ఇస్తే రెండుసార్లు జరిగి బొమ్మ పాడవుతుంది.

బొమ్మ బాగానే ఉండి హైలైట్ మాత్రం పేరుకి కాస్త పైనో కిందో పడుతుంటే, ప్లేయర్ సెటింగ్స్‌లో టీవీ రకం చూడండి. వెడల్పు తెర మెనూని 4:3 టీవీ కోసం పైనా కిందా నల్ల పట్టీలతో చూపించేటప్పుడు హైలైట్‌కి వేరే పొర కావాలి. మీ సాఫ్ట్‌వేర్ ఒకే పొర తయారుచేసి ఉంటే అది తప్పు చోట పడుతుంది. ప్లేయర్‌ని 16:9కి మారిస్తే ఇంట్లో సరిపోతుంది, కానీ డిస్క్ పదిమందికి ఇచ్చేదైతే మెనూని 4:3లో చేయడమే మేలు.

అంచుల్లో ఉన్నవి తెగిపోతున్నాయి

పాత టీవీలు, కొన్ని కొత్తవి కూడా, ఫ్రేమ్ అంచుల్ని కొంత మింగేస్తాయి. నాలుగు వైపులా పదో వంతు ఖాళీ వదిలి మధ్యలోనే పేర్లు పెట్టండి. పనిలో పనిగా, ఒక్క పిక్సెల్ మందం ఉన్న అడ్డగీతలు వణుకుతాయి, కనీసం 2 పిక్సెళ్ళు ఉండాలి. చిక్కటి ఎరుపు పక్క రంగుల్లోకి కారినట్టు కనిపిస్తుంది, కొంచెం తగ్గించండి.

వీడియో అయ్యాక మెనూకి తిరిగి రావట్లేదు

ప్రతి వీడియోకీ అయిపోయాక ఏం చేయాలో ఒక ఆదేశం ఉండాలి. సాఫ్ట్‌వేర్‌ని బట్టి దాన్ని ఎండ్ యాక్షన్ అనో పోస్ట్ కమాండ్ అనో అంటారు. అది ఖాళీగా ఉంటే చాలా ప్లేయర్లు అక్కడే ఆగిపోతాయి. ప్రతి వీడియో దగ్గరా మెనూని పిలవమని పెట్టండి, ఒక్కటి మర్చిపోయినా సరిగ్గా దాని దగ్గరే ఇరుక్కుంటారు. ఇక్కడే ఇంకో చిక్కుంది. టైటిల్ అంటే డిస్క్ మీద విడిగా ఆడే ఒక వీడియో. అన్ని వీడియోలనూ ఒకే టైటిల్‌లో చాప్టర్లుగా పెడితే, రెండో బటన్ నొక్కినప్పుడు రెండోది అయ్యాక మూడోది దానంతటదే మొదలవుతుంది. అది కావాలనుకునేవాళ్ళకి బాగుంటుంది. ఒక్కోటి అయ్యాక మెనూకి రావాలంటే మాత్రం ఒక్కో వీడియో ఒక్కో టైటిల్ కావాలి. ఈ నిర్ణయం మెనూ గీయకముందే తీసుకోండి, తర్వాత మార్చడం అంటే మళ్ళీ మొదటినుంచీ చేసినంత పని.

వీడియో మధ్యలో రిమోట్ మీద మెనూ నొక్కితే నిషేధం గుర్తు వస్తోంది

డీవీడీలో మెనూలు రెండు అంతస్తుల్లో ఉంటాయి. డిస్క్ మొత్తానికి ఒకటి, ఒక్కో టైటిల్ సెట్‌కి (టైటిళ్ళ గుంపుకి) ఒకటి. రిమోట్ మీద టాప్ మెనూ లేదా టైటిల్ అన్న బటన్ మొదటిదాన్ని పిలుస్తుంది, మామూలు మెనూ బటన్ రెండోదాన్ని వెతుకుతుంది. మీరు మొదటిదే చేసి ఉంటే రెండో బటన్‌కి వెళ్ళడానికి చోటు లేదు, అందుకే ఆ గుర్తు. టైటిల్ సెట్‌లో రూట్ మెనూ అనే పేరుతో ఖాళీది ఒకటి పెట్టి, అది తెరుచుకోగానే అసలు మెనూకి దూకేలా చేయండి. చూసేవాళ్ళకి ఆ ఖాళీది దాదాపు తెలియదు.

పాట మళ్ళీ మొదలయ్యేటప్పుడు ఆగుతోంది, బటన్ పైకి ఎగురుతోంది

కదిలే మెనూ చివరికి వచ్చాక ప్లేయర్ డిస్క్ మీద మళ్ళీ మొదటి చోటుని వెతుక్కోవాలి, ఆ చిన్న ఆగుడు పోదు. దాన్ని దాచొచ్చు: చివరి 2 సెకన్లలో పాటని నెమ్మదిగా తగ్గించేయండి, బొమ్మని కూడా కాస్త చీకటి చేయండి, కావాలనే అలా చేసినట్టుంటుంది. నిడివి 30 సెకన్లకి తగ్గకుండా ఉంటే విసుగు రాదు. తిరిగి మొదలైన ప్రతిసారీ హైలైట్ మొదటి బటన్‌కి పోతుంటే, మొదట ఈ బటన్ మీదే ఉండాలి అని బలవంతంగా ఎంచే సెటింగ్ ఆన్ అయి ఉంటుంది, తీసేయండి.

చాప్టర్ బటన్ నొక్కితే అర సెకను ముందునుంచి వస్తోంది

చాప్టర్ పూర్తి ఫ్రేమ్ (పక్క ఫ్రేముల సాయం లేకుండా మొత్తం బొమ్మ ఉండే ఫ్రేమ్) దగ్గరే మొదలవగలదు, డీవీడీ వీడియోలో అవి సుమారు అర సెకనుకి ఒకటి ఉంటాయి. ఎన్‌కోడ్ చేసేటప్పుడే (వీడియోని డీవీడీ రూపంలోకి మార్చేటప్పుడే) చాప్టర్ సమయాలు ఇస్తే కొన్ని ఎన్‌కోడర్లు అక్కడే పూర్తి ఫ్రేమ్ పెడతాయి. లేకపోతే చాప్టర్‌ని అర సెకను అటో ఇటో జరిపి చూడండి.

కంప్యూటర్లో ఆడుతుంది, ప్లేయర్లో డిస్క్ చదవట్లేదు

మొదట చూడాల్సింది: ఫోల్డర్‌ని మామూలు డేటా డిస్క్‌లా రైట్ చేశారా? డీవీడీ వీడియో అన్న ఆప్షన్‌తోనే చేయాలి. తర్వాత బిట్‌రేట్, అంటే సెకనుకి ఎంత డేటా వెళ్తుందో. వీడియోకి గరిష్ఠం 9.8 ఎంబీపీఎస్ అయినా ఇంట్లో రైట్ చేసిన డిస్క్‌కి 8 దాటకండి, పాత ప్లేయర్లు తడబడతాయి. ధ్వని 48 కిలోహెర్ట్జ్ ఉండాలి, పాటల ఫైళ్ళు ఎక్కువగా 44.1లో ఉంటాయి కాబట్టి మెనూ పాటని మార్చారో లేదో చూసుకోండి. పాట లేని మెనూకి కూడా నేను నిశ్శబ్దంగా ఉండే ఆడియో ట్రాక్ ఒకటి పెడతాను, అది లేక కొన్ని ప్లేయర్లు మొండికేస్తాయి. మెనూ పాల్‌లో, వీడియో ఎన్‌టీఎస్‌సీలో ఉండకూడదు, డిస్క్ అంతా ఒకటే పద్ధతి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా తేడా వస్తే రైట్ చేసే వేగం తగ్గించి, వేరే రకం ఖాళీ డిస్క్ మీద ప్రయత్నించండి. అసలు డిస్క్ రైట్ చేసేముందే, చెరిపి మళ్ళీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్క్ మీద ఒక కాపీ తీసి, టీవీ ముందు రిమోట్‌తో ప్రతి బటన్‌నీ నాలుగు దిక్కుల్లోంచీ ఒకసారి చేరుకుని చూడండి. ఆర్‌డబ్ల్యూ డిస్కులను చదవని ప్లేయర్లు కొన్ని ఉన్నాయి, మీది అలాంటిదైతే ఒక మామూలు డిస్క్ ఈ పరీక్షకే వదిలేసుకోండి.