వాయుగుండాలు మొదలవకముందే: గుంట కంట్రోలర్‌కి ఫర్మ్‌వేర్ ఎక్కించేవాళ్లు చూసుకోవాల్సినవి

రొయ్యల గుంటలో యంత్రాలు నడిపే కంట్రోలర్ బోర్డుకి కొత్త ఫర్మ్‌వేర్ (బోర్డు లోపల నడిచే ప్రోగ్రాం) ఎక్కించే పని ఏదున్నా సెప్టెంబరు ఆఖరుకల్లా ముగించేయండి. నెల్లూరు, ప్రకాశం తీరంలో వానలంటే ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మబ్బు పట్టిన రోజు గుంటలో పచ్చనీరు ఆక్సిజన్ సరిగా తయారుచేయదు, తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతుంది, రొయ్య పైకి తేలుతుంది. సరిగ్గా ఆ వేళకి ఏరియేటర్ (నీళ్లు చిలికి గాలి కలిపే ఫ్యాను) పెట్టె రీసెట్ అయి కూర్చుంటే ప్రోగ్రాంలో తప్పు వెతికే తీరిక ఎవరికీ ఉండదు. మేత చల్లే యంత్రమైనా, ఏరియేటర్ పెట్టె అయినా, నీళ్ల మీద తిరిగి కొలతలు తీసే పడవ రోబో అయినా, లోపల ఎక్కువగా ఉండేది ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై కంట్రోలర్ బోర్డే కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతున్నాం.

ముందు వెనక్కి వచ్చే దారి సిద్ధం చేసుకోండి. ఇప్పుడు బాగా నడుస్తున్న బోర్డులో ఉన్నదంతా ఈఎస్‌పీటూల్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంతో చదివి ఒక ఫైలుగా దాచండి. 4 ఎంబీ ఫ్లాష్ (బోర్డు మెమరీ) మొత్తం చదవడానికి సెకనుకి 115200 బిట్ల వేగంతో ఆరు నిమిషాల పైన, 460800 వేగంతో నిమిషంన్నర పడుతుంది. ప్రోగ్రాం ఒక్కటే కాదు, ఎన్‌వీఎస్ (సెట్టింగులు దాచే) భాగం కూడా ఇందులో వచ్చేస్తుంది. లోడ్‌సెల్ (తూకం సెన్సార్) గుణకం, పీహెచ్ ప్రోబ్ కాలిబ్రేషన్, వైఫై పాస్‌వర్డు సాధారణంగా అక్కడే ఉంటాయి. కొంతమంది ఎర్రర్ రాగానే అలవాటుగా "ఎరేజ్ ఫ్లాష్" కొట్టేస్తారు. దాంతో ఇవన్నీ పోతాయి. ప్రోగ్రాం మాత్రం చక్కగా మొదలవుతుంది, తూకం మాత్రం తప్పుతుంది, రెండు కిలోల మేత పడాల్సిన చోట ఎంత పడుతోందో ఎవరికీ తెలియదు. ఎరేజ్ చేయక తప్పని పరిస్థితి వస్తే, తర్వాత కిలో తూకపురాయి పెట్టి మళ్లీ కాలిబ్రేట్ చేయకుండా యంత్రాన్ని గట్టు మీదికి పంపొద్దు.

బిల్డ్ (కోడ్‌ని బోర్డుకి ఎక్కే ఫైలుగా మార్చడం) దగ్గర పొరపాటు ఇంకోరకం. పోయిన ఏడు కంపైల్ అయిన కోడే కదా అని లైబ్రరీలన్నీ అప్‌డేట్ చేస్తారు. 2024లో ఆర్డునో ఈఎస్‌పీ32 కోర్ (ఈ బోర్డుకి కోడ్ రాయడానికి వాడే మూల సాఫ్ట్‌వేర్) 3.0 వచ్చినప్పుడు మోటారు వేగం నడిపే ఎల్ఈడీసీ ఫంక్షన్ల తీరు మారిపోయింది. పాత కోడ్‌లో ఛానెల్ పెట్టి, తర్వాత పిన్ను తగిలించే రెండు మెట్లు కొత్తదాంట్లో ఒకటయ్యాయి. పాత కోడ్ అక్కడ కంపైలే కాదు. అదైనా నయం, ఆగిపోయి చెబుతుంది. కంపైల్ అయి నడక మాత్రం మారిపోయే లైబ్రరీలతోనే అసలు బాధ. కాబట్టి ప్లాట్‌ఫార్మ్‌ఐఓ (బిల్డ్ చేసే సాధనం) వాడేవాళ్లు ప్లాట్‌ఫాం వెర్షన్ నంబరు, ప్రతి లైబ్రరీ వెర్షన్ నంబరు ప్రాజెక్టు ఫైలులో కచ్చితంగా రాసేయండి. "తాజాది" అని వదిలేయొద్దు. టూల్‌చెయిన్ (కంపైలర్, దానితో వచ్చే సాధనాలు) వందల ఎంబీ ఉంటుంది. గాలివానకి నెట్ పోయిన రోజున అది దిగదు. ఒకసారి వైఫై ఆపేసి, ప్రాజెక్టు క్లీన్ చేసి మళ్లీ బిల్డ్ చేయండి. అప్పుడు కూడా పూర్తయితే మీ లాప్‌టాప్‌లో అన్నీ ఉన్నట్టు. బోర్డుకి ఎక్కే బిన్ ఫైలుతోపాటు ఈఎల్ఎఫ్ ఫైలు కూడా దాచండి. బోర్డు క్రాష్ అయి విసిరే అంకెలు ఏ లైనువో తేల్చేది అదొక్కటే. వెర్షన్ నంబరు బోర్డు లేవగానే సీరియల్‌లో (యూఎస్‌బీ ద్వారా లాప్‌టాప్‌కి వచ్చే సందేశాల్లో) పడాలి.

విడిభాగాలు కూడా ఈలోపే తెచ్చిపెట్టుకోండి. 2021 నవంబరు పెన్నా వరదకి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలుపట్టాలు, జాతీయ రహదారి కూడా కోతకి గురయ్యాయి. అలాంటి రోజుల్లో చెన్నై నుంచి కొరియర్ వస్తుందని కూర్చోవడం దండగ. అదే రకం బోర్డులు రెండు, అదే ఫర్మ్‌వేర్ ఎక్కించి, పరీక్షించి, కవర్లో పెట్టి ఉంచితే చాలు. గట్టు మీద ఫ్లాష్ చేయడం కన్నా బోర్డు మార్చేయడం ఎప్పుడూ సులువు.

ఇక ఎక్కించే వేళ. బోర్డుని పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టే చేయండి. తడి గట్టు మీద, చెప్పుల్లేని కాళ్లతో, మూడు ఫేజుల స్టార్టర్ పక్కన లాప్‌టాప్ తెరవడం ఫర్మ్‌వేర్ పని కాదు, ప్రాణం మీదికి తెచ్చుకునే పని. తీయడం కుదరకపోతే ఎంసీబీ (బ్రేకర్ స్విచ్) ఆపి, టెస్టర్‌తో చూసి, ఏరియేటర్లని మనిషి చేతిలోకి మార్చాకే పెట్టె తెరవండి. ఇందుకోసం ప్యానెల్‌లో "చేయి–ఆటో" సెలెక్టర్ స్విచ్ ఉండి తీరాలి. చేయి వైపు తిప్పితే కంట్రోలర్ ప్రమేయం లేకుండా కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్) పట్టాలి. ఫేజు పోతే ఆపే ప్రివెంటర్ మాత్రం రెండు దారుల్లోనూ ఉండాలి, లేకపోతే ఒక ఫేజు పోయిన రాత్రి మోటార్లు కాలిపోతాయి. ఈ స్విచ్ లేని ప్యానెల్‌కి ఎంత మంచి ఫర్మ్‌వేర్ రాసినా ఉపయోగం లేదని మా అభిప్రాయం.

యూఎస్‌బీ తగిలించేముందు బయటి 5 వోల్టుల సప్లై వైరు తీసేయండి. బోర్డు మీద కరెంటు వెనక్కి పోకుండా ఆపే డయోడ్ ఉంటుందిలే అనుకోవచ్చు గానీ చవక బోర్డుల్లో ఆ నమ్మకం పెట్టుకోలేం, పోయేది లాప్‌టాప్ పోర్టు. పడవ రోబో అయితే ప్రొపెల్లర్లు విప్పేయండి. చక్రాల రోబో అయితే చక్రాలు గాల్లో ఉండేట్టు ఇటుక మీద పెట్టండి. లిపో బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టండి.

ఎందుకంత జాగ్రత్త అంటే, ఫ్లాష్ అవుతున్నంతసేపూ మీ ప్రోగ్రాం నడవదు. రీసెట్‌లో ఉన్నప్పుడు చాలా పిన్నులు ఏ వైపూ లాగకుండా గాల్లో వేలాడతాయి. మోటారు డ్రైవర్ ఇన్‌పుట్ అలా వేలాడితే అది ఆన్ అనుకోవచ్చు, ఆఫ్ అనుకోవచ్చు. ప్రతి మోటారు ఎనేబుల్ పిన్నుకీ 10 కిలోఓమ్ రెసిస్టర్ ఒకటి గ్రౌండ్‌కి కట్టండి. బజార్లో దొరికే నీలం రిలే మాడ్యూళ్లు చాలావరకు తక్కువ వోల్టేజీకి ఆన్ అయ్యే రకం. వాటికి అదే రెసిస్టర్‌ని గ్రౌండ్‌కి కాకుండా 3.3 వోల్టులకి కట్టాలి. ఈ తేడా మర్చిపోతే కరెంటు వచ్చిన ప్రతిసారీ రిలే ఒకసారి "టక్" మంటుంది, మేత గేటు ఒకసారి తెరుచుకుంటుంది.

పిన్నుల ఎంపిక కూడా ఇక్కడే తేలుతుంది. ఈఎస్‌పీ32లో 6 నుంచి 11 దాకా ఉన్నవి లోపలి ఫ్లాష్ చిప్‌వి, ముట్టుకోవద్దు. 0, 2, 5, 12, 15 బోర్డు లేచేటప్పుడు ఎలా లేవాలో చెప్పేవి. వీటిలో 12 మరీ ప్రమాదం: లేచే క్షణంలో దాని మీద హై ఉంటే చిప్ ఫ్లాష్‌కి 3.3 బదులు 1.8 వోల్టులు ఇస్తుంది, ఇక ఫ్లాష్ చదవలేక తిరిగి తిరిగి రీసెట్ అవుతుంది. రిలే మాడ్యూల్‌ని 12కి కలిపితే జరిగేది ఇదే: బల్ల మీద ఒట్టి బోర్డు బాగుంటుంది, పెట్టెలో పెట్టగానే లేవదు, బోర్డు పోయిందని పారేస్తారు. రిలేలకి, మోటార్లకి 25, 26, 27, 32, 33 వాడండి. 34 నుంచి 39 ఇన్‌పుట్‌కే పనికొస్తాయి. వైఫై నడుస్తుండగా ఏడీసీ2 (అనలాగ్ కొలిచే రెండో భాగం) పిన్నులు చదవవు కాబట్టి అనలాగ్ సెన్సార్లు 32–39 లోనే ఉండాలి.

"కనెక్టింగ్" అని చుక్కలు పడుతూ ఆగిపోతే మొదట కేబుల్ మార్చండి. ఫోన్ ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. తర్వాత సీహెచ్340, సీపీ2102 అనే యూఎస్‌బీ చిప్‌ల డ్రైవర్లలో మీ బోర్డుది ఏదో చూడండి. అప్పటికీ పట్టకపోతే బూట్ బటన్ నొక్కి ఉంచి, చుక్కలు మొదలయ్యాక వదలండి. ప్రతిసారీ బటన్ నొక్కాల్సి వస్తుంటే ఈఎన్ (రీసెట్) పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారాడ్ కెపాసిటర్ పెడితే చాలా బోర్డులు దారికొస్తాయి. సగంలో తెగితే వేగం 115200కి దించండి. విడివిడి బిన్ ఫైళ్లు ఎక్కించేటప్పుడు చిరునామాలు చూసుకోండి: మామూలు ఈఎస్‌పీ32కి బూట్‌లోడర్ (ప్రోగ్రాంని లేపే చిన్న కోడ్) హెక్స్‌లో 1000 దగ్గర, ఎస్3, సీ3లకి సున్నా దగ్గర, పార్టిషన్ టేబుల్ (ఫ్లాష్‌లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక) సాధారణంగా 8000, ప్రోగ్రాం 10000. "బ్రౌన్‌అవుట్" (వోల్టేజీ పడిపోవడం) అని పడితే తప్పు కోడ్‌ది కాదు, సప్లైది. వైఫై లేచే క్షణంలో కరెంటు ఎగుస్తుంది. కనీసం 500 మిల్లీఆంపియర్లు నిలకడగా ఇచ్చే సప్లై, బోర్డు పక్కనే 470 మైక్రోఫారాడ్ కెపాసిటర్ ఉండాలి. ఆ హెచ్చరికని కోడ్‌లో ఆపేసేవాళ్లున్నారు. రోగం అలాగే ఉంచి థర్మామీటర్ పగలగొట్టడమే అది.

ఎస్‌టీఎం32 (ఇంకోరకం కంట్రోలర్ చిప్) వాడేవాళ్లకి రెండే మాటలు. రీడ్ ప్రొటెక్షన్ లెవెల్ 2 ఎప్పుడూ పెట్టొద్దు, అది తిరిగి తీయలేని తాళం. ప్రోగ్రాం పొరపాటున పీఏ13, పీఏ14 పిన్నుల్ని వాడేసి ఎస్‌టీ–లింక్ (దానికి ప్రోగ్రాం ఎక్కించే పరికరం) పట్టకుండా చేస్తే, రీసెట్‌లో పట్టి కనెక్ట్ అయ్యే ఆప్షన్ వాడండి. రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డుకి అంత భయం లేదు. బూట్‌సెల్ బటన్ నొక్కి యూఎస్‌బీ పెడితే ఎప్పుడైనా డ్రైవ్‌లాగా కనిపిస్తుంది.

ఎక్కించాక "అయిపోయింది" అనుకోవద్దు. మోటార్ల బదులు బల్బులు కట్టి ఒక పగలూ ఒక రాత్రీ నడపండి. మధ్యలో ప్లగ్ తీసి పెట్టడం ఇరవైసార్లు చేయండి, కొన్నిసార్లు ఒక సెకను గ్యాపుతోనే. మన లైన్ల మీద కరెంటు అలాగే పోయి వస్తుంది. ప్రతిసారీ మేత గేటు మూసే ఉండాలి, ఏరియేటర్లు ఒక్కోటి 10–15 సెకన్ల తేడాతో లేవాలి. అన్నీ ఒకేసారి లేస్తే వోల్టేజీ పడి కాంటాక్టర్లు కొట్టుకుంటాయి. నెట్ లేకుండా లేచినప్పుడు టైము సరిగా ఉందా చూడండి. డీఎస్3231 (గడియారం) మాడ్యూల్ చవకరకం అయితే దాంట్లో బ్యాటరీని ఛార్జ్ చేసే సర్క్యూట్ ఉంటుంది. ఛార్జ్ చేయకూడని మామూలు సీఆర్2032 బటన్ బ్యాటరీ పెట్టి 5 వోల్టులు ఇస్తే బ్యాటరీ ఉబ్బుతుంది. 3.3 వోల్టులకి కట్టండి, లేదా ఆ చిన్న డయోడ్ తీసేయండి.

గాల్లోంచి (వైఫై ద్వారా) అప్‌డేట్ పంపడం అక్టోబరు తర్వాత ఆపేయడమే మేలు. తప్పదంటే పగలు పది గంటల తర్వాత, మనిషి గట్టు మీద ఉన్నప్పుడు, ముందు ఒకే పెట్టెకి పంపండి. కొత్త ప్రోగ్రాం లేచినంత మాత్రాన "బాగుంది" అని ముద్ర వేసుకోకూడదు. సెన్సార్లు చదివి, రిలేలు చూసుకుని, వైఫై పట్టాకే వేయాలి. అప్పుడే పాత ప్రోగ్రాం ఉన్న స్లాట్‌కి తిరిగి వెళ్లే ఏర్పాటు పనిచేస్తుంది.

చివరికి పెట్టె. ఉప్పుగాలికి బోర్డు మీద యాక్రిలిక్ కోటింగ్ కొట్టండి, కానీ పరీక్షలన్నీ అయ్యాకే. యూఎస్‌బీ పోర్టు, బటన్లు, సీరియల్ పిన్నుల మీద టేపు వేసి కొట్టండి, లేకపోతే మళ్లీ ఫ్లాష్ చేయాలంటే బ్లేడుతో గీకాలి. కేబుల్ గ్లాండ్లు కిందివైపే, వాడని రంధ్రాలకి బిరడాలు. వానకి తలదాచుకోవడానికి చీమలు, బల్లులు ముందు చూసేది వెచ్చగా ఉండే ఆ పెట్టెనే. మూత లోపల ఒక కాగితం అంటించండి, కాపలా మనిషికి అర్థమయ్యే తెలుగులో: "ఎర్రలైటు వెలిగితే స్విచ్ చేయి వైపు తిప్పు. ఫ్యాన్లు తిరుగుతున్నాయా చూడు. తర్వాత ఫోన్ చెయ్యి." కింద వెర్షన్ నంబరు, ఎక్కించిన తేదీ.