పడవ చప్పుళ్లు – మూడవ పాఠం: దొరకని చప్పుడును వెతకడం

మొదటి రెండు పాఠాలలో మీ తెరచాప పడవ మామూలుగా చేసే చప్పుళ్లను శ్రద్ధగా విని, ఒక్కొక్కదానినీ పుస్తకంలో రాసుకున్నారు. ఆ పుస్తకం చేతిలో ఉన్నవారికే ఈ పాఠం అక్కరకు వస్తుంది. రోజూ వినిపించేదేదో తెలియని చెవి కొత్తదానిని పట్టుకోలేదు. లంగరు వేసిన ఒక రాత్రి, అందరూ పడుకున్నాక, ఆ పుస్తకంలో లేని చప్పుడు ఒకటి మీ తల పక్కనే ‘టంగ్’ అంటూ మొదలైందనుకుందాం.

ఇలాంటప్పుడు ఎవరైనా చేసే మొదటి పని, లేచి దీపం వేసి, చప్పుడు వచ్చిన వైపు ఉన్న అరలన్నీ తెరిచి చూడడం. నేనూ చాలా కాలం అదే చేశాను, అరలు సర్దుకోవడం తప్ప దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఆరుబయట ఎవరైనా పిలిస్తే ఆ పిలుపు గాలి గుండా నేరుగా వచ్చి ఒక చెవికి కాస్త ముందు, రెండో చెవికి కాస్త వెనుక చేరుతుంది కాబట్టి అది ఏ వైపు నుంచి వచ్చిందో తెలుస్తుంది. పడవ లోపల ఆ ఆధారం చెడిపోతుంది. ఫైబర్‌గ్లాస్ గుల్ల, అంటే పడవ బయటి ఒళ్లు, మద్దెల వంటిది. పడవ ముక్కు దగ్గర తగిలిన దెబ్బ ఆ గుల్ల గుండా, గాలిలో కంటే ఎన్నో రెట్లు వేగంగా, వెనుక దాకా పాకి, మీకు దగ్గరలో ఏ పలక సులువుగా కంపిస్తుందో దానిని మోగిస్తుంది. చెవి మీకు చూపించేది ఆ పలకనే. నీటిలో పుట్టిన చప్పుడు మరీ మాయ చేస్తుంది: గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోయే ధ్వని నీటిలో సుమారు 1500 మీటర్లు పోతుంది, అది గుల్ల పొడవునా దాదాపు ఒకేసారి తగలడం వల్ల పడవ అంతటా ఒకేలా వినిపిస్తుంది.

కాబట్టి ‘ఎక్కడ’ అనే ప్రశ్నను కాసేపు వాయిదా వేసి, ‘ఎప్పుడు’ అనే ప్రశ్నతో మొదలుపెట్టండి. పడుకున్న చోటు నుంచి లేవకుండానే, సెకన్ల ముల్లున్న గడియారం ఎదురుగా పెట్టుకుని, నిమిషానికి ఎన్నిసార్లు వస్తున్నదో పది నిమిషాల పాటు లెక్కపెట్టి రాయండి. అదే పది నిమిషాలలో పడవ ఎన్నిసార్లు ఒరిగిందో, గాలి ఎప్పుడు హెచ్చి ఎప్పుడు తగ్గిందో కూడా పక్కనే రాయండి. చప్పుడు దేనితో తాళం కలుపుతున్నదో ఆ లెక్కే చెబుతుంది.

పడవ ఒరిగినప్పుడల్లా వస్తున్నదంటే ఏదో ఒక వస్తువు తన చోటులో కదులుతున్నదని అర్థం. ఒకే పక్కకు ఒరిగినప్పుడు వస్తున్నదా, రెండు పక్కలకూ వస్తున్నదా అన్నది ఇక్కడ ముఖ్యం. అరలో దొర్లే సీసా, డబ్బా రెండు కొసలకూ తగులుతాయి కాబట్టి ఒక్కో ఊపుకు రెండు చప్పుళ్లు వస్తాయి, వాటి మధ్య దొర్లుతున్న సన్నని రొద కూడా ఉంటుంది. బోలు అల్యూమినియం కొయ్య, అంటే తెరచాపను మోసే స్తంభం, లోపల వేలాడే విద్యుత్ తీగలు ‘టకటక’మని లోపలి గోడకు కొట్టుకుంటాయి. కొయ్య వెలుపల ఉండే హాల్యార్డ్, అంటే తెరచాపను పైకి లాగే తాడు, అదే పని చేస్తుంది గాని అది ఒరుగుడు కంటే గాలినే ఎక్కువగా అనుసరిస్తుంది. దానిని పక్కకు లాగి కట్టేస్తే అర నిమిషంలో సంగతి తేలిపోతుంది. చెక్క అడ్డగోడల ‘కిర్రు’ చప్పుడు ప్రయాణంలో, పడవ ఒక పక్కకు వాలినప్పుడు పుడుతుంది, తెరచాపను రెండో పక్కకు మార్చగానే ఆగిపోవడమో స్వరం మార్చుకోవడమో చేస్తుంది.

గాలితో పాటు హెచ్చుతగ్గులయ్యే చప్పుడుకు కచ్చితమైన లెక్క ఉంది. గుండ్రని తీగను దాటే గాలి దాని వెనుక రెండు పక్కలా వంతులవారీగా సుడులు వదులుతుంది. ఒక్కో పక్క సెకనుకు ఎన్ని సుడులు అన్నది గాలి వేగాన్ని తీగ మందంతో భాగించి, 0.2తో హెచ్చిస్తే దాదాపుగా వస్తుంది. 1878లో స్ట్రౌహాల్ అనే భౌతిక శాస్త్రవేత్త గాలిలో పాడే తీగలపై చేసిన పరిశీలనల నుంచి వచ్చిన సూత్రమిది. కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగ మందం 8 మిల్లీమీటర్లు, గాలి వేగం సెకనుకు 10 మీటర్లు అనుకుంటే సెకనుకు 250 కంపనాలు వస్తాయి, అది చక్కగా వినిపించే ‘గుయ్’ అనే పాట. అదే గాలి 15 సెంటీమీటర్ల మందం గల కొయ్యను దాటితే వచ్చేవి 13 మాత్రమే. ఆ పదమూడును చెవి స్వరంగా పట్టుకోలేదు, పడుకున్నవారి వీపుకు మాత్రం పడవంతా వణుకుతున్నట్టు తెలుస్తుంది. ఇంజను ఆపి ఉన్నా ఇంజను తిరుగుతున్నట్టు అనిపించే ఆ వణుకుకు చాలామంది భయపడి అడుగు పలకలు విప్పుతారు. కొయ్య చుట్టూ ఒక తాడును మెలికలుగా చుట్టి చూడండి. కర్మాగారాల పొగగొట్టాల పైభాగాన మెలిక తిరిగిన రేకులు కనిపించేది కూడా సుడుల వరుసను చెదరగొట్టడానికే.

పడవ వేగంతో స్వరం పెరిగే ‘గరగర’కు మొదటి అనుమానితుడు ప్రొపెల్లర్ ఇరుసు. తెరచాపతో పోతున్నప్పుడు కూడా నీటి తోపుకు అది తనంతట తాను తిరుగుతుంది. గేరు వేసి దానిని ఆపవచ్చునా లేదా అన్నది గేరుపెట్టెను బట్టి మారుతుంది కాబట్టి దానితో వచ్చిన పుస్తకం చూడకుండా ఆ పరీక్ష చేయకండి. తిరుగుతున్న ఇరుసు దగ్గరకు చేతిని ఏ కారణంగానూ తీసుకువెళ్లవద్దు.

అలతోనూ గాలితోనూ వేగంతోనూ కలవకుండా తన గడియారం ప్రకారం వచ్చే చప్పుడు చాలావరకు విద్యుత్తుదే. కొళాయిలన్నీ కట్టేసి ఉండగా మంచినీటి పంపు మధ్యమధ్య రెండు సెకన్లు ‘గుర్ర్’మంటే గొట్టాలలో ఎక్కడో ఒత్తిడి జారిపోతున్నది. ప్రధాన స్విచ్ ఆపగానే చప్పుడు ఆగితే వెతకవలసిన చోటు సగానికి సగం తగ్గుతుంది. అయితే ఇక్కడ ఒక గొయ్యి ఉంది: పడవ అడుగున చేరిన నీటిని తోడే స్వయంచాలక పంపును చాలా పడవలలో నేరుగా బ్యాటరీకే కలుపుతారు, ప్రధాన స్విచ్ ఆపినా అది పని చేస్తూనే ఉంటుంది. అది ఎంతసేపటికొకసారి తిరుగుతున్నదో రాసుకోండి. ఇరవై నిమిషాలకొకసారి తిరిగేది పన్నెండు నిమిషాలకొకసారి తిరగడం మొదలుపెడితే, చప్పుడు సంగతి తరువాత, నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో ముందు చూడాలి.

పడవకు సంబంధమే లేని చప్పుళ్లు కూడా కొన్ని ఉన్నాయి. వెచ్చని లోతు తక్కువ నీటిలో రాత్రంతా, నిప్పులో ఉప్పు వేసినట్టు గుల్ల అడుగున చిటపటలు వినిపిస్తే, గుల్ల చీలిపోతున్నదని కంగారు పడనక్కరలేదు. అది చిటికె రొయ్యల సందడి. అవి కొండిని ఎంత వేగంగా మూస్తాయంటే నీటిలో ఒక బుడగ పుట్టి కుప్పకూలుతుంది, శబ్దం ఆ బుడగదేనని 2000లో అతివేగపు కెమెరాతో తీసిన చిత్రాలు తేల్చాయి. కాలిఫోర్నియాలోని సాసలీటోలో నీటిపై ఇళ్లలో నివసించేవారిని 1980లలో రాత్రిపూట నిద్రపోనివ్వని ఏకస్వరపు హోరుకు కారణం ఏదో యంత్రం కాదని, జత కోసం పిలిచే మిడ్‌షిప్‌మన్ మగచేపలని బయటపడింది. చిటపట పడవంతటా ఒకేలా వినిపిస్తూ, మీరు ఏది కట్టినా ఏది ఆపినా మారకపోతే ఈ దిశగా ఆలోచించండి.

‘ఎప్పుడు’ తేలాక ఇప్పుడు ‘ఎక్కడ’ వద్దకు రండి. నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్క వస్తువునే నిశ్శబ్దం చేసి, పది ఊపులు లెక్కపెట్టి, ఫలితం రాసి, తరువాతే రెండోదానిని ముట్టుకోవాలి. రెండింటినీ కలిపి కట్టేస్తే చప్పుడు ఆగవచ్చు గాని దొంగ ఎవరో తెలియదు, మర్నాడు మళ్లీ మొదటికి వస్తుంది. చెవి కంటే అరచేయి నమ్మదగినది. అరచేతికి అందని చోట ఒక చెక్క కర్ర కొసను అనుమానం ఉన్న చోట ఆనించి, రెండో కొసను చెవి ముందున్న ఎముకకు ఆనించండి. అసలు చోటు దగ్గరపడే కొద్దీ మెత్తని ‘టంగ్’ పదునైన ‘టిక్’గా మారుతుంది.

నా పుస్తకంలో నుంచి ఒక రాత్రి లెక్క చూడండి. నిమిషానికి పదకొండు చప్పుళ్లు, ఎడమకు ఒరిగినప్పుడు మాత్రమే, గాలితో సంబంధం లేదు. ప్రధాన స్విచ్ ఆపాను, మారలేదు. హాల్యార్డ్‌లు కట్టాను, మారలేదు. చుక్కాని పిడిని తాడుతో బిగించాను, మారలేదు. లోపల చప్పుడు కచ్చితంగా దిండు వెనుక పలక నుంచే వస్తున్నది, కాని కర్ర ఆనిస్తే మొద్దుగానే వినిపించింది. అదే పలకపై కర్రను జరుపుకుంటూ పోగా, పైకప్పు అంచున బయటి కమ్మీ కాలును బిగించిన బోల్టు దగ్గర ‘టిక్’ పదునెక్కింది. బయటకు వెళ్లి ఆ కమ్మీ గొట్టంపై అరచేయి వేస్తే, లోపల ఏదో దొర్లి వచ్చి ఆగడం స్పష్టంగా తెలిసింది. గొట్టం కొసన బిరడా తీసి వంచితే చిటికెన వేలి గోరంత మరమేకు ఒకటి బయటపడింది, ఎవరు ఎప్పుడు ఏ మరమ్మతులో జారవిడిచారో గాని. అంతకు ముందు రెండు రాత్రులు నేను ఖాళీ చేసినవన్నీ గది లోపలి అరలే.

మూడు చప్పుళ్ల విషయంలో మాత్రం ఈ ఓపిక పనికిరాదు. లంగరు గొలుసుపై అరచేయి ఆనించినప్పుడు ఉండి ఉండి కుదుపులతో కూడిన ‘గరగర’ తగిలితే లంగరు జారుతున్నదేమో వెంటనే ఒడ్డు గుర్తులతో సరిచూసుకోవాలి. గొలుసు రాళ్లపై రాసుకున్నా అలాగే ఉంటుంది కాబట్టి చేతిని మాత్రమే నమ్మవద్దు. చుక్కాని పిడిని బిగించాక కూడా వెనుక అడుగున ‘ధన్’ వినిపిస్తుంటే దాని బేరింగులు అరిగి ఉండవచ్చు. కీల్, అంటే పడవ అడుగున బోల్టులతో బిగించిన బరువైన రెక్క, దగ్గర ఊపు ఊపుకూ మొద్దు చప్పుడు వస్తూ, లోపల కీల్ బోల్టుల చుట్టూ పగుళ్లో తుప్పునీరో కనిపిస్తే ప్రయాణం ఆపి, పడవను నీటిలో నుంచి పైకి ఎత్తించి, తెలిసినవారితో చూపించాలి. 2014 మే నెలలో చీకీ రఫీకీ అనే పడవ అట్లాంటిక్ నడుమ కీల్ ఊడిపోయి తలకిందులైంది, అందులోని నలుగురూ దక్కలేదు.

వచ్చే పాఠానికి ముందు ఈ అభ్యాసం చేయండి. మీకు తెలియకుండా ఒక నాణేన్ని మూత బిగించిన డబ్బాలో వేసి పడవలో ఎక్కడైనా అడ్డంగా పెట్టమని తోడున్నవారితో చెప్పండి. మొదటి పది నిమిషాలు కదలకుండా లెక్క మాత్రమే రాయండి, ఆ తరువాత కర్రతో వెతకండి. ఎన్ని నిమిషాలలో దొరికిందో, మొదట ఏ పలకను అనుమానించారో రెండూ పక్కపక్కనే రాసుకోండి. నాలుగవ పాఠంలో ఇంజను నడుస్తుండగా దాని రొదలో దాగిన చప్పుళ్లను ఎలా వేరు చేయాలో చూద్దాం, అప్పుడు ఈ కర్ర మళ్లీ కావలసి వస్తుంది.