జూక్‌బాక్స్ మరమ్మతు – పాఠం 4: అరిగిన చక్రాలు

పోయిన పాఠంలో జూక్‌బాక్స్ (నాణెం వేస్తే పాట వినిపించే పెట్టె) వెనక తలుపు తీసి, రికార్డులు దించి, మెకానిజాన్ని, అంటే రికార్డును ఎంచి వాయించే యంత్రభాగాన్ని, కదలకుండా పట్టే రవాణా బోల్టులతో బిగించాం. ఆ పని కానివాళ్లు ఇక్కడే ఆగండి. చాలా మోడళ్లలో మెకానిజం స్ప్రింగుల మీద ఊగుతూ ఉంటుంది. బిగించకుండా పెట్టెను ఒరగేస్తే మెకానిజం పోయి పెట్టె లోపలి గోడకు కొట్టుకుంటుంది. రికార్డులు దించమన్నది బరువు తగ్గుతుందని కాదు, పగలకుండా ఉంటాయని. 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు తిరిగే) చిన్న రికార్డులు వంద కలిపినా నాలుగైదు కిలోలే.

పెట్టె మాత్రం సుమారు 150 కిలోలు ఉంటుంది. చక్రాలు నాలుగు కదా అని నాలుగుతో భాగించకండి. మన దగ్గర నేల మీద తాండూరు, షాబాదు బండలే ఎక్కువ. అతుకు దగ్గర ఒక బండ లేచి, పక్కది దిగి ఉంటుంది. అక్కడ ఒక చక్రం గాల్లో ఉండి, బరువంతా మిగతా మూడింటి మీద పడుతుంది. మూడుతో భాగిస్తే ఒక్కోదానికి 50 కిలోలు. కొనేటప్పుడు 75 కిలోలు మోసేవి అడగండి, టెన్షన్ ఉండదు.

రబ్బరు చక్రం మెత్తగా నడుస్తుంది కానీ, నెలల తరబడి ఒకేచోట బరువు మోస్తే ఒకవైపు చదునైపోతుంది. మన ఎండలకు అది ఇంకా తొందరగా జరుగుతుంది. నైలాన్ గట్టిది, తేలిగ్గా దొర్లుతుంది, కాకపోతే గడగడ చప్పుడు, పాలిష్ బండల మీద గీతలు. నా ఓటు ఆ రెంటికీ మధ్యస్థంగా ఉండే పాలీయూరెథేన్ అనే ప్లాస్టిక్‌కే. గట్టిగా ఉంటాయి కదా అని మిర్యాలగూడ రైసుమిల్లు ట్రాలీలకు వేసే పెద్ద చక్రాలు మాత్రం తేవద్దు. పెట్టె ఎత్తు పెరిగి, నెట్టినప్పుడు ముందుకు తూలుతుంది.

షాపుకు పాత చక్రం తీసుకెళ్లండి. అది ప్లేటు రకమైతే (చదునైన రేకును స్క్రూలతో బిగించేది) స్క్రూ రంధ్రాల మధ్య దూరం, మొత్తం ఎత్తు సరిపోతే చాలు. కాడ రకంతోనే (పెట్టె అడుగున ఉన్న సాకెట్టు అనే గొట్టంలో కాడ దూర్చేది) తిప్పలు. అమెరికా పెట్టెల్లో కాడ కొలత అంగుళాల్లో ఉంటుంది: 3/8 అంటే 9.5 మిల్లీమీటర్లు, 7/16 అంటే 11.1. మన దగ్గర దొరికే 10 మిల్లీమీటర్ల కాడ మొదటిదాంట్లో దూరదు, రెండోదాంట్లో లొడలొడలాడుతుంది. అందుకే కాడతో పాటు సాకెట్టు కూడా కొత్తది వేయండి, లేదా ప్లేటు రకానికి మారిపోండి. ఊళ్లో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ ఉండనే ఉంది.

ఇక లేపడం. ప్లగ్ పీకేయండి, పై అద్దం తీసి పక్కన పెట్టండి. మనుషులు ముగ్గురుండాలి. ఇద్దరు చెక్క ఒళ్లు పట్టుకుని (మెరిసే పట్టీలు, ప్లాస్టిక్ జోలికి పోవద్దు) కొద్దిగా వెనక్కి ఒరగేస్తే, మూడో మనిషి ముందువైపు అడుగున రెండు గట్టి చెక్క దిమ్మెలు తోస్తాడు. చేతితో కాదు, కర్రతో తోయాలి. ముందు రెండు చక్రాలయ్యాకే వెనకవి. పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టమని ఎవరన్నా చెబితే వినకండి.

పాత చక్రం ఊడగానే కొత్తది బిగించకండి. స్క్రూడ్రైవర్‌తో అడుగు చెక్కను గుచ్చి చూడండి. ఏళ్ల తరబడి తడిగుడ్డతో తుడవడం వల్ల ప్లైవుడ్ ఉబ్బి, పొరలు విడిపోయి ఉంటుంది, చెదలు కూడా ఉండొచ్చు. చాలాసార్లు చక్రం పాడవడం కంటే ముందే ఈ చెక్క పోతుంది, వంకరగా తిరిగే చక్రానికి అసలు కారణం అదే. చెక్క గట్టిగా ఉండి రంధ్రాలు మాత్రమే వదులైతే, టేకు పుల్లలు ఫెవికాల్‌లో ముంచి రంధ్రాల్లో దిగ్గొట్టి, ఒక రోజు ఆరనివ్వండి. చెక్క పొడిపొడిగా రాలితే స్క్రూలు ఆగవు. కుళ్లినంత మేర కోసేసి 12 మిల్లీమీటర్ల కొత్త ప్లైవుడ్ ముక్క అతికించండి. ఆ తర్వాత చెక్కకు ఆరపార బోల్టు దింపి, లోపల వెడల్పాటి వాషరు వేసి నట్టు బిగించండి. బోల్టు కొస లోపలి వైర్లకు తగలకుండా చూసుకోండి. ముందు చక్రాలకు బ్రేకున్నవి వేస్తే నున్నటి టైల్స్ మీద పెట్టె జరగదు.

నాలుగూ అయ్యాక పెట్టెను మెల్లగా రెండడుగులు నడిపించి, ఒక్కో నట్టుకు పానా వేసి మళ్లీ బిగించండి. రవాణా బోల్టులు వదులు చేయడం మర్చిపోవద్దు.

వచ్చే పాఠంలో కరెంటు సంగతి. అమెరికా పెట్టె మోటారు 60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) కోసం చేసింది, మనది 50. మోటారు వేగం ఆ లెక్కను బట్టే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ తగ్గించినా వేగం సరికాదు, 45 తిరగాల్సిన రికార్డు 37.5 దగ్గరే ఉంటుంది. దాన్ని ఎలా సరిచేయాలో చూద్దాం. ఈలోగా మీ మోటారు మీది రేకు ముక్క తుడిచి, దాని మీద రాసున్నది కాగితం మీద ఎక్కించి పెట్టుకోండి.