ఉద్యోగానికి ఎసరు రాకుండా సొంత బ్లాగ్ రాయడం ఎలా?

ఆఫీసు అయ్యాక ఇంటికొచ్చి నా బ్లాగ్‌లో నేను రాసుకుంటే కంపెనీకేంటంట అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. 2002లో అమెరికాలో హెదర్ ఆర్మ్‌స్ట్రాంగ్ తన సొంత సైట్‌లో ఆఫీసు సంగతులు, తోటి ఉద్యోగుల సంగతులు రాసి ఉద్యోగం పోగొట్టుకుంది. మన దేశంలో 2005లో గౌరవ్ సబ్నిస్ సంగతి ఇంకా చిత్రం, ఐబీఎమ్‌లో పనిచేస్తూ ఐబీఎమ్ గురించి ఒక్క ముక్క రాయలేదు, ఐఐపీఎమ్ అనే మేనేజ్‌మెంట్ కాలేజీ ప్రకటనల మీద రాశాడు. ఆ కాలేజీ ఐబీఎమ్‌కి కస్టమర్. తమ దగ్గరున్న ఐబీఎమ్ ల్యాప్‌టాప్‌లు ఐబీఎమ్ ఢిల్లీ ఆఫీసు ముందే తగలబెడతామని కాలేజీ వైపు నుంచి బెదిరింపు వెళ్లింది, కంపెనీని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక అతనే రాజీనామా చేశాడు. అందుకే బ్లాగ్ మానేయమని నేను ఎవరికీ చెప్పను, పద్ధతిగా రాయమంటాను.

1. కాగితాలు చదవండి

అపాయింట్‌మెంట్ లెటర్, కోడ్ ఆఫ్ కండక్ట్, సోషల్ మీడియా పాలసీ. బయట పని చేయొద్దనే క్లాజు, కంపెనీ రహస్యాలు బయటపెట్టొద్దనే కాన్ఫిడెన్షియాలిటీ క్లాజు, మీరు తయారుచేసింది ఎవరిదో చెప్పే క్లాజు, ఈ మూడూ వెతకండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే అవుతుంది. ఆదివారం రాసుకున్న కథ మీది, ప్రాజెక్ట్ కోసం రాసిన కోడ్ బ్లాగ్‌లో పెడితే అది మీది కాదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే 1964 కండక్ట్ రూల్స్ చూడండి, రాష్ట్ర ఉద్యోగులకి రాష్ట్రం రూల్స్ వేరే ఉన్నాయి. కేంద్రం రూల్స్‌లో అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా సంబంధమైన పనికి అనుమతి అక్కర్లేదు, ప్రభుత్వ విధానాన్ని విమర్శిస్తే మాత్రం 9వ రూల్ అడ్డొస్తుంది. ప్రభుత్వ ఉద్యోగికీ భావప్రకటన హక్కు ఉంటుందని త్రిపుర హైకోర్టు 2020 జనవరిలో చెప్పింది కానీ, కండక్ట్ రూల్స్‌కి లోబడే అని కూడా అదే తీర్పులో ఉంది. వాట్సాప్‌లో సగం వాక్యమే తిరుగుతోంది, రెండో సగం కూడా చదవండి.

2. సామాన్లు

సొంత ల్యాప్‌టాప్, సొంత మెయిల్, సొంత నెట్. ఆఫీసు వైఫై కూడా వద్దు. లంచ్ టైమ్‌లో పోస్ట్ చేయొద్దు, పోస్ట్ కింద టైమ్ కనిపిస్తుంది.

3. సొంత పేరుతోనే రాయండి

కలం పేరు పెట్టుకుంటే దొరకమని అందరూ అనుకుంటారు. కలం పేరు పెట్టుకున్నవాళ్లే నోరు జారుతారు, ఎవరికీ తెలీదు కదా అనే ధీమాతో రాయకూడనివన్నీ రాస్తారు, తర్వాత ఎవరో ఒక ఫ్రెండ్ కామెంట్‌లో అసలు పేరు పెట్టి పిలుస్తాడు, అంతే. సొంత పేరుంటే ప్రతి వాక్యం మీ బాస్ చదువుతాడని గుర్తుంటుంది. ‘ఇవి నా సొంత అభిప్రాయాలు’ అనే లైన్ పెట్టుకోండి, కేంద్ర ఉద్యోగులకైతే అది తప్పనిసరి కూడా, కానీ ఆ లైన్ పెట్టేశాం కదా అని కింద ఏదైనా రాయొచ్చనుకోవద్దు.

4. ఆనవాళ్లు తీసేయడం

అందరూ బోర్లా పడేది ఇక్కడే, నెమ్మదిగా చదవండి.

పేరు మార్చేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. ‘మాదాపూర్‌లో ఓ బ్యాంకింగ్ ప్రాజెక్ట్, మా మేనేజరుది గుంటూరు, మొన్నే కూతురి పెళ్లి చేశాడు’ అని రాసి పేరు మాత్రం సుబ్బారావని పెడితే లోకానికి తెలియకపోవచ్చు, మీ టీమ్ మొత్తానికి మొదటి లైన్‌లోనే తెలిసిపోతుంది, హెచ్ఆర్‌కి లింక్ పంపేది కూడా టీమ్‌లోవాళ్లే. కాబట్టి పోస్ట్‌లో వచ్చే ప్రతి మనిషి దగ్గరా ఆగి ఊరు, హోదా, ఇంటి సంగతి, మాట తీరు, ఇలా ఎన్ని ఆనవాళ్లు ఇచ్చారో చూడండి. ఆయనే చదివితే ‘ఇది నేనే’ అనుకుంటాడా? అనుకుంటాడనిపిస్తే ఆ పేరా మొత్తం తీసేయండి. అటూ ఇటూ సర్దొద్దు, సర్దేకొద్దీ ఇంకా బాగా తెలుస్తుంది.

ఇంకో సంగతి ఎవరూ చూడరు. ఒక్కో పోస్ట్ విడిగా బాగానే ఉంటుంది, క్లయింట్ ఒక బ్యాంకని జనవరిలో రాస్తారు, లండన్ వెళ్లొచ్చానని మార్చిలో ఫొటోలు పెడతారు, గో-లైవ్ (ప్రాజెక్ట్ వాడకంలోకి వచ్చే రోజు) వాయిదా పడి మూడు వారాలుగా నిద్రలేదని మేలో ఏడుస్తారు. మూడూ కలిపి చదివినవాడికి ఏ బ్యాంకు, ఏ ప్రాజెక్ట్, ఎక్కడ ఆగిందో మొత్తం తెలిసిపోతుంది. అందుకే కొత్త పోస్ట్ పెట్టేముందు పాతవి కూడా తిరగేయండి. ఫొటోల వెనక వైట్‌బోర్డు, మానిటరు, మెడలో ఐడీ కార్డు చూసుకోండి.

కొన్ని అసలు ముట్టుకోకూడదు. షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ అయితే రిజల్ట్స్ రాకముందు పెద్ద కాంట్రాక్ట్ వచ్చిందనో పోయిందనో రాయడం షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి రహస్యాలతో షేర్లు కొనడం, అమ్మడం) రూల్స్ కిందికి రావచ్చు, మీరు ఒక్క షేరు కొనకపోయినా సరే. లైంగిక వేధింపుల కమిటీకి వెళ్లిన ఫిర్యాదు సంగతులు, అందులో ఉన్నవాళ్లెవరో తెలిసే వివరాలు బయటపెట్టకూడదని 2013 చట్టం 16వ సెక్షన్ చెప్తోంది, బాధితురాలి తరఫున మంచి మనసుతో రాసినా అంతే.

‘నిజమే కదా రాశాను’ అంటారు. రహస్యంగా ఉంచాల్సింది నిజమైనా రహస్యమే. పరువు నష్టం క్రిమినల్ కేసులో కూడా నిజం అయితే చాలదు, అది ప్రజల మంచి కోసం చెప్పిందై ఉండాలి, భారతీయ న్యాయ సంహిత 356లో అలాగే ఉంది.

ఆఫీసు వాసన ఉన్న ఏ పోస్టైనా ఆరు నెలలు డ్రాఫ్ట్‌లో ఉండాల్సిందే, ప్రాజెక్ట్ మారాకే పబ్లిష్ చేయాలి. కోపంగా ఉన్నరోజు రాయండి, రాయడం మంచిదే, ఆ రోజు పబ్లిష్ బటన్ జోలికి మాత్రం వెళ్లకండి.

5. డబ్బులు

యాడ్స్ పెడితే హాబీ కాస్తా ఆదాయం అయిపోతుంది, అప్పుడు మొదట చెప్పిన బయట పని క్లాజు లేస్తుంది. పెట్టేముందు మెయిల్‌లో అనుమతి అడగండి, నోటిమాట లెక్కలోకి రాదు. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్లు పిటిషన్ వేసిన కంపెనీకే పనిచేయాలి కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగేదాకా యాడ్స్, స్పాన్సర్డ్ పోస్టులు రెండూ ఆపేయండి.

6. హెచ్ఆర్ పిలిస్తే

కంగారుపడి బ్లాగ్ మొత్తం డిలీట్ చేయకండి, దాచిపెట్టినట్టు కనిపిస్తుంది, ఎవరి దగ్గరో స్క్రీన్‌షాట్ ఎలాగూ ఉంటుంది. తేదీతో సహా కాపీ తీసుకుని ఆ ఒక్క పోస్టునే డ్రాఫ్ట్‌లోకి మార్చండి. ఏ వాక్యం మీద అభ్యంతరం, ఏ క్లాజు కింద అని మెయిల్‌లో అడగండి. అక్కడికక్కడే క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టమంటే ఒకరోజు టైమ్ కావాలని చెప్పి, లేబర్ చట్టాలు తెలిసిన లాయర్‌కి చూపించాకే సంతకం పెట్టండి.